కల్సోమ్ మార్చిన నీళ్లు

పామాయిల్ తోటల కోసం మా పారిత్ నీబొంగ్ ఊరి చిత్తడి అడవిని ఎండగట్టాక, అందులోని చేపల్లో మాకు మిగిలింది ఒక్క జంట. అది రొస్నాని ముందుగదిలో గాజుతొట్టెలో ఉంది. చిటికెనవేలి కణుపంత చేపలు. వాననీళ్లలో ఎండు బాదం ఆకులు నానేసి, టీ డికాక్షన్ రంగు తేలితేనే వాటికి బతుకు. రెండేళ్లు ఊరించి ఊరించి ఆడది ఈ మధ్యే వెదురుగొట్టంలో గుడ్లు పెట్టింది. మగది కాపలా వదలడం లేదు.

రంజాన్ పండగ ముందురోజు రొస్నాని కొబ్బరికాయలకని సంతకెళ్లి వచ్చేసరికి తొట్టె అద్దంలా మెరుస్తోంది. చుట్టాలొచ్చే ఇంట్లో ఈ మురికేమిటని అత్తగారు కల్సోమ్ పాతనీళ్లు పారబోసి కొళాయినీళ్లు నింపేసింది. ఆడది పాలిపోయి మూలకి ఒరిగింది. మగది గొట్టం వదిలి పైకొచ్చి నోరు తెరుస్తోంది.

రొస్నాని అరవలేదు. మెట్ల దగ్గర కాళ్లు కడుక్కునే జాడీలోంచి వాననీళ్లు బకెట్లోకి ముంచి, చేపల్నీ గొట్టాన్నీ అందులోకి మార్చింది. పొయ్యిమీది మాంసం దించి బాదం ఆకులు ఎక్కించింది. పండగ కూర దించుతావా అని కల్సోమ్ లేచింది. కూర ఆగుతుంది, గుడ్లు ఆగవంది కోడలు. అప్పుడు ముసలావిడ అసలు మంట బయటపెట్టింది.

"ఆ నల్లనీళ్లు తాగే పెరిగానే నేను. నా నిఖా బట్టలు ఒక్క ఉతుక్కే గోధుమరంగుకి తిరిగాయి. టౌనోళ్లు మమ్మల్ని బురదోళ్లనేవారు. కొళాయి పడిన్నాడు ఊరందరికీ అన్నం పెట్టాం. మళ్లీ ఆ దరిద్రాన్ని ముందుగదిలో దీపమెట్టి చూపిస్తావా?"

"చూపిస్తానత్తా. అడవి పోయింది. ఇంకెక్కడ చూపించను?"

చల్లారిన కషాయాన్ని కోడలు వాననీళ్లలో కొద్దికొద్దిగా కలుపుతుంటే కల్సోమ్ వచ్చి పక్కనే నిలబడింది.

"ఇదేం నలుపే? మా కాలవలో చెయ్యి ముంచితే వేళ్లు కనపడేవి కాదు. ఇంకో గరిటె పొయ్యి."

పొద్దువాలేసరికి ఆడది తేరుకుంది. కొన్ని గుడ్లు బూజుపట్టాయి. మగది వాటిని ఏరి పారేసి, జారిపడిన మంచివాటిని నోటితో పట్టి మళ్లీ గొట్టం కప్పుకి అంటించుకుంది.

రాత్రికి ఆ నల్లనీళ్లతోనే అన్నిటినీ తిరిగి తొట్టెలోకి చేర్చారు. మర్నాడు కొత్తబట్టల్లో వచ్చిన పక్కింటి బెదా తొట్టెమీదికి వంగి, నీళ్లలో వేలు పెట్టి, పండగపూటైనా నీళ్లు మార్చుకోలేదా అని నవ్వింది.

"మార్చాం. రెండుసార్లు," అంది కల్సోమ్. "ఆ వేలు తియ్యి. లోపల బాలింత ఉంది. దాని మొగుడు మహా కోపిష్ఠి."