డ్రమ్ము మీద అక్షరం

గోరు తగిలితేనే ఊడొచ్చే అక్షరం ఎంత నల్లగా పడితే మాత్రం ఏం లాభం, మిషనులో మైనం సిరా రిబ్బను పెట్టి తీసిన లేబుల్ మీద, డ్రమ్ముల్లో నింపే సాల్వెంటులో ముంచిన గుడ్డతో ఒక్కసారి రుద్దాను, అంతే, మండే ద్రవం అన్న రెండు మాటల్లో మండే పోయింది, ద్రవం మిగిలింది, అదీ ఏడ్చిన కళ్ళ కాటుకలా, భోజనాల వేళకి ఏ రిబ్బను కొనాలో తేల్చి చెప్పమ్మా, చవకది చాలుగా, అన్నారు మేనేజరు గారు, మంచివారే, కాకపోతే ఆయన దృష్టిలో లేబుల్ అంటే డ్రమ్ముకి అంటించే కాగితం ముక్క, నాకూ మొన్నమొన్నటి దాకా అంతే, బావ పడిపోయేదాకా.

బావ, అంటే మా అక్క భర్త, ఈ ఫ్యాక్టరీలోనే కింద షెడ్డులో డ్రమ్ముల పని, లేబుళ్ళు చెరిగిపోతే అందరికీ ఆయన ముక్కే దిక్కు, మూత కాస్త వదులు చేసి, గాలి తనవైపు విసురుకుని, ఇది ఫలానా అనేసేవాడు, నా ముక్కుండగా నీ మిషనెందుకే మరదలా అని నన్ను ఏడిపించేవాడు, జలుబు చేస్తే నా దగ్గరికే రావాలి బావా అని నేనూ అంటించేదాన్ని, ఆ రోజూ అలాగే వంగాడు, ఘాటు నేరుగా లోపలికి పోయింది, ఆసుపత్రిలో ప్రాణం నిలబడింది గానీ వాసన తెలియడం పోయింది, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, అన్నాడు డాక్టరు, ఈ పొద్దున మళ్ళీ పనిలోకి వచ్చాడు, వాసన పోయిన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పకుండా, అక్క నా చెయ్యి పట్టుకుని, తెలిస్తే పని పోతుందేమోనే, నీ కడుపులోనే పెట్టుకో, అంది.

సరే, రెండోది, మైనమూ, గట్టి ప్లాస్టిక్‌లాంటి రెసినూ కలిపిన రిబ్బను, గోరుకి ఆగింది, గుడ్డకి మసకబారింది, మూడోది అచ్చంగా రెసిన్, దాని మీదే ఆశంతా, తీరా చూస్తే అక్షరాలు సగం సగం పడ్డాయి, వేడి పెంచితే రిబ్బను ముడతలు పడింది, అమ్మిన ఆవిడకి ఫోన్ చేస్తే నవ్వింది, మామూలు కాగితం మీద వేస్తున్నారా అండీ, అది దాని మీద నిలవదు, ప్లాస్టిక్ లేబుల్ పెట్టండి, మిషను కాస్త నెమ్మదిగా తిప్పండి, అంది, పెట్టాను, తిప్పాను, లేబుల్ తాపీగా బయటికొచ్చింది, రుద్దాను, మళ్ళీ రుద్దాను, మోచెయ్యి లాగేదాకా రుద్దాను, మండే అలాగే ఉంది, గుడ్డకి ఒక్క నల్లచుక్క అంటలేదు, హమ్మయ్య, ఇక బావకి ముక్కుతో పనేముంది, లేబుల్ చదువుకుంటాడు, ఎవరికీ తెలియక్కర్లేదు, అనుకుంటూ గుడ్డ మడత పెడుతుంటే పాలు గుర్తొచ్చాయి.

మొన్న అక్కావాళ్ళింట్లో, మేమిద్దరం మేడ మీద బట్టలు ఆరేస్తున్నాం, మాడు వాసన మెట్ల దాకా వచ్చింది, పరుగెత్తుకొస్తే పాలగిన్నె అడుగు నల్లగా బొగ్గయిపోయింది, వంటగది తలుపుకి ఇవతల బావ తాపీగా పేపరు చదువుకుంటున్నాడు, ఏమైందే అన్నాడు మమ్మల్ని చూసి, తర్వాత ఆయనే, మీ అక్క అదృష్టవంతురాలు, ఇక ఏం మాడ్చినా నేను వంక పెట్టను, అన్నాడు, అందరం నవ్వాం, ఎలా నవ్వామో, ఆ గిన్నె మీద లేబుల్ ఉంటే మాత్రం ఏం చెప్పేది, పాలు అనేది, మాడుతున్నాయనదుగా, డ్రమ్ములో ఏముందో నా అక్షరం చెబుతుంది, మూత వదులై కారుతోంది, పారిపో అని ఏ రిబ్బను చెబుతుంది.

మేనేజరు గారొచ్చారు, ఏది తేల్చావమ్మా, రెసినండీ, ప్లాస్టిక్ లేబుల్‌తో కలిపి, ఖరీదెక్కువేమో, ఎక్కువేనండీ, ఆయన మైనం లేబుల్నీ, నా చేతిలోని గుడ్డనీ చూశారు, సరే తెప్పించు, అన్నారు, బావ సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను, అది నేను చెప్పాల్సింది కాదు, కిందికి దిగాను, బావ కొత్త లేబుల్ అటూ ఇటూ తిప్పి చూసి, గట్టి పిండమే మరదలా, అన్నాడు, ముక్కు సంగతి మేనేజరు గారికి చెప్పు బావా, నేను పక్కనుంటా, అన్నాను, నవ్వు ఆగిపోయింది, గేటు దగ్గర కూర్చోబెడతారే నన్ను, అన్నాడు, కూర్చోబెట్టనీ, సాయంత్రం అక్క దగ్గరికి నడిచి వెళ్తావుగా, అన్నాను, బావ చేతి తొడుగులు ఒక్కొక్కటీ విప్పి డ్రమ్ము మీద పెట్టాడు, పద, అన్నాడు, మెట్లెక్కుతున్నాం, ఆయన ముందు, నేను వెనక, అక్క కోప్పడుతుంది, పడనీ, ఇన్నాళ్ళూ దాచడమే కాపాడడం అనుకున్నాం, బావ పక్కన వాసన తెలిసిన మనిషి ఒకరుండాలి, ఉండాలంటే ఆ మనిషికి ముందు తెలియాలి.