కంపెనీ జట్టులో ఒక చోటు

బహ్రెయిన్‌లో అరాద్ దగ్గరున్న లేబర్ క్యాంపులో కంపెనీ వాలీబాల్ జట్టుకి సోమరాజు కెప్టెన్. జట్టులో ఆడే ఆరుగురికీ ఎండలో పని ఉండదు, స్టోరులో డ్యూటీ. అందుకే 1996 వేసవిలో, యూనివర్సిటీ జట్టుకి ఆడిన సత్యప్రసాద్ క్యాంపులో దిగగానే, ఆ ఆరుగురిలో ఒకడైన బుల్లబ్బాయికి తిండి సయించలేదు.

సోమరాజు, బుల్లబ్బాయి అమలాపురం దగ్గర ఓ చిన్న కాలేజీలో కలిసి ఆడారు. సోమరాజు నెట్ దగ్గర బంతి ఎత్తి ఇస్తే బుల్లబ్బాయి కొట్టేవాడు. మూడేళ్లపాటు చుట్టుపక్కల కాలేజీలేవీ వాళ్లను ఆపలేకపోయాయి. బుల్లబ్బాయిని ఇక్కడికి రప్పించిందీ సోమరాజే.

శుక్రవారం సాయంత్రం మలయాళీ మేనేజరు బుల్లబ్బాయినీ సత్యప్రసాద్‌నీ ఎదురెదురుగా ఆడించాడు. బుల్లబ్బాయి కొట్టిన బంతులన్నీ సత్యప్రసాద్ చేతులకి తగిలి ఇటే పడ్డాయి. సోమరాజు బంతిని ఇంకాస్త ఎత్తుగా ఇచ్చాడు, నెట్‌కి దూరంగా ఇచ్చాడు. లాభం లేకపోయింది.

"ఎవర్ని ఉంచమంటావ్?" అని మేనేజరు హిందీలో అడిగాడు.

"కొత్తాయన్ని," అన్నాడు సోమరాజు, బుల్లబ్బాయి వైపు చూడకుండా.

మర్నాడు బుల్లబ్బాయి కాంక్రీటు పనికి వెళ్లాడు. సాయంత్రం మోచేతుల దాకా సిమెంటుతో వచ్చి సోమరాజు ఎదురుగా కూర్చున్నాడు.

"నిజం చెప్పరా. నేను బాగా ఆడేవోణ్ణా, కాదా?"

"మన కాలేజీలో నీ అంతోడు లేడురా."

"మన కాలేజీలో," అన్నాడు బుల్లబ్బాయి. "ఆ సంగతి నీకప్పుడే తెలుసా?"

సోమరాజుకి తెలుసు. రెండో ఏడు యూనివర్సిటీ సెలక్షన్లకి ఇద్దరికీ పిలుపొచ్చింది. బుల్లబ్బాయి కామెర్లతో మంచాన పడితే తనొక్కడే వెళ్లాడు. అక్కడి కుర్రాళ్ల ఆట ఒక్క పూట చూసి, కోర్టులోకి దిగకుండానే వెనక్కొచ్చేశాడు. సిఫారసు ఉన్నవాళ్లనే తీసుకున్నారని ఊళ్లో చెప్పాడు. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

బుల్లబ్బాయి మోచేతి మీద ఎండిన సిమెంటు గీక్కున్నాడు.

"ఆ ఏడే మా మావయ్య ఐటీఐలో సీటు చూశాడ్రా. ఆట ఉంది కదా అని నేనే వద్దన్నాను. ఈపాటికి ఎలక్ట్రీషియన్నయ్యేవోణ్ణి."



నెల తిరక్కుండా పోటీల్లో ఓ బ్యాంకు జట్టు సోమరాజు జట్టుని వరసగా మూడు సెట్లలో ఓడించింది. "వాళ్లలో ఇద్దరు దేశానికి ఆడినోళ్లండి, నేనేం సరిపోతాను," అన్నాడు సత్యప్రసాద్ బస్సులో. మేనేజరు జట్టు ఎత్తేసి ఆరుగురినీ సైటుకి పంపాడు. సోమరాజు బుల్లబ్బాయి గ్యాంగులోనే పడ్డాడు. తట్ట ఎలా ఎత్తితే నడుం పట్టెయ్యదో బుల్లబ్బాయి ఓపిగ్గా చూపించాడు. పని మాట తప్ప ఇంకో మాట మాత్రం మాట్లాడలేదు.