కోత తప్పిన సాయంత్రం

"కోత లేదు! బిడ్డకు కోత లేదట!" అని అరుస్తూ బావగారు సైకిల్‌తో సహా వాకిట్లోకి దూసుకొచ్చారు. స్టాండ్ వెయ్యకుండానే వదిలేస్తే అది దభీమని పడింది. ఎవరూ లేపలేదు.

నా పెళ్ళయి నలభై రోజులు. యాకుత్‌పురాలోని ఆ ఇంట్లో అందరూ ఒకేసారి నవ్వడం అప్పుడే చూశాను. తోటికోడలు మాణిక్యమ్మక్క ఏడుస్తూనే నవ్వింది. మా ఆయన అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, పెద్దవాళ్ళున్నారని గుర్తొచ్చి టక్కున వదిలేశారు. ఆ వదిలెయ్యడం కూడా నాకు భలే నచ్చింది.

బావగారి కూతురు రాజమణికి ఏడేళ్ళు. దానికి వారం, పది రోజులైనా విరేచనం కాదు. పొట్ట డోలులా బిగుసుకుంటే దవాఖానకు తీసుకెళ్ళి ఎనిమా ఇప్పించాలి. ఎప్పటినుంచి అని డాక్టరు అడిగితే, మా అత్తమ్మ "పుట్టినప్పటి సంది గంతే" అని చెప్పిందట. అలాగైతే పేగు చివర నరాలు లేవేమో, ఆ భాగం కోసి తీసేయాలేమో అన్నారు. లోపలి నుంచి చిన్న తునక తీసి పరీక్షకు పంపారు. బావగారు తెచ్చింది ఆ ఫలితమే.

"నరాలు మంచిగనే ఉన్నయట. పిల్లనే ఆపుకుంటున్నదట," అన్నారు.

"ఆపుకునుడేంది? గట్ల ఎవలన్న ఆపుకుంటరా?" అంది అత్తమ్మ.

డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం నా చేతికొచ్చింది. రాత్రిపూట రెండు చెంచాల తెల్లనూనె మందు, ఆకుకూరలు, నీళ్ళు. అన్నం తిన్నాక పది నిమిషాలు కూర్చోబెట్టాలి. తిట్టకూడదు, కొట్టకూడదు. గడగడా చదివి తెలుగులో చెప్పాను.

"నీ బి.ఏ. సదువు పిల్ల దొడ్డికి పనికొచ్చె," అంది అత్తమ్మ. అందరూ పగలబడి నవ్వారు. నేనైతే బంగారు పతకం వచ్చినంత మురిసిపోయాను.

వెంటనే రాజమణికి అన్నం తినిపించి, పెరట్లోని పాయిఖానాకు తీసుకెళ్ళాను. కింద ఇనుప డబ్బా ఉంటుంది. వెనక సందులో చిన్న రేకు తలుపు తెరిచి, పొద్దున్నే ఒకామె ఆ డబ్బాను తీసుకెళ్తుంది. రాజమణి కూర్చోలేదు. మడమలెత్తి, కాళ్ళు మెలేసి, గోడ పట్టుకుని వణుకుతూ నిలబడింది. ఇన్నాళ్ళూ అది ముక్కుతోందనుకున్నాం. అది బిగబట్టుకుంటోంది!

"ఎందుకు బిడ్డా?" అన్నాను.

"పోచి వాళ్ళమ్మకు నడుము నొస్తున్నది చిన్నమ్మా."

"పోచి ఎవరు?"

"నా దోస్తు. బడిల నా పక్కకే కూసుంటది. మన డబ్బా వాళ్ళమ్మనే ఎత్తుతది. నెత్తి మీద పెట్టుకుంటే మెడ మీద కారుతదట. నేను పోకుంటే జర్ర బరువు తగ్గుతది గద."



"అందుకని ఆపుకున్నవా?"

"బడిల చేరినంక మొదలు ఒక్క దినమే ఆపిన. తర్వాత గట్టిగయి మస్తు నొచ్చింది. నొస్తదని మళ్ళ ఆపిన."

దాన్నెత్తుకుని వాకిట్లోకి వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాను. మాణిక్యమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావగారు నేలమీద కూలబడ్డారు.

"కోతకు సంతకం పెట్టనీకి కూడ తయారైన," అన్నారు. "దాన్ని ఒక్క మాట అడగకపోతి."

"నాకు ఆమె పేరే తెల్వది," అంది అత్తమ్మ. "తలుపు సప్పుడైతే లోపటికి పోతుంటి."

పేరు సంగతి దేవుడెరుగు, నేనసలు ఆమె ముఖమే చూడలేదు. నలభై రోజులు ఆ పాయిఖానాకే వెళ్ళాను.

"నేను రేపు లీవు పెట్టి మున్సిపాలిటీకి పోత," అన్నారు మా ఆయన. "ఫ్లష్‌కు దరఖాస్తు పెడత."

"దరఖాస్తు కదిలేదాంక పిల్ల ఆపుకోవాల్నా?" అని బావగారు కసిరారు.

నాకప్పుడు మలక్‌పేటలోని మా అమ్మగారి ఇల్లు గుర్తొచ్చింది. రైలెక్కితే కాసేపట్లో చేరతాం. అక్కడ గొలుసు పాయిఖానా ఉంది.

"మా అమ్మ ఇంట్ల కూసుంటవా?" అని రాజమణిని అడిగాను.

"ఆడ ఎవరు మోస్తరు?"

"ఎవరూ మోయరు. గొలుసు గుంజితే నీళ్ళొచ్చి కొట్టుకపోతది."

అది నా ముఖంలోకి అనుమానంగా చూసింది. "నేనే గుంజుత," అంది.

"దొడ్డికి పోనీకి రైలెక్కుతరా?" అంది అత్తమ్మ, నవ్వలేక, తిట్టలేక.

"ఎక్కుతం అత్తమ్మా. ఇంట్ల ఫ్లష్ వచ్చేదాంక దినాం పోతం. రేపు పొద్దున ఏడు గంటల బండికి మొదలు. బువ్వ మా అమ్మ పెడతది."