జంపక్క కార్డు మీద ఐదుగురు

పార్కులో పడవ ఊయల ముందు జనాన్ని చూడగానే నేను చేసిన మొదటి పని లెక్క వేయడం. వరుసలో రెండు వందల మంది. విడతకు ఇరవై నలుగురు ఎక్కుతారు, విడతకు ఎనిమిది నిమిషాలు. అంటే గంట పైమాటే. పక్క గేటులో వెళ్తే ఐదు నిమిషాలు. పక్క గేటు వికలాంగుల కార్డు ఉన్నవాళ్ళకు, వాళ్ళ వెంట వచ్చిన ఇంటివాళ్ళకు. నా వెంట జంపక్క ఉంది.

పాల్వంచలో నాకు అడవి సరుకు కొనే కొట్టు ఉంది. నేను పోగుచేసిన చింతపండంతా ఖమ్మంలో నాగలత గారు కొంటారు. ఈ ఏడు ఆమె ఇంకొకరితో బేరం మాట్లాడుతున్నారని తెలిసింది. అందుకే ఆమె కూతురు లిఖిత పుట్టినరోజని తెలిసి, భద్రాచలం దారిలో అడవి అంచున కొత్తగా పెట్టిన ఈ పార్కుకు నేనే పిలిచాను. లిఖిత ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. ఆదివారం, పైగా కరెంటు ప్లాంటు వాళ్ళు, బొగ్గుబాయి వాళ్ళు పిల్లాజెల్లాతో దిగే రోజు. "వరుసలో నిలబడే పనే లేదమ్మా, నేను చూసుకుంటాను" అని మాటిచ్చాను.

జంపక్క కోయ గూడెం నుంచి నాకు తేనె, కరక్కాయలు తెచ్చే మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది, చేతికర్ర మీద నడుస్తుంది. రమ్మంటే కాదనలేదు. కొనేవాడిని నేను, కాదనడం ఎట్లా? ఒక్క మాట మాత్రం అంది. "కార్డు అసలుదే అడుగుతరంటివి. మంగళారం మండలాఫీసుల పింఛను తనిఖీ ఉన్నది సేటూ. అసలు కార్డు చూపియ్యకుంటే నా పేరు కొట్టేస్తరు. అది పోతే నేను పోయినట్టే."

"ఎక్కడికి పోతది? సాయంత్రానికి నీ చేతుల ఉంటది" అన్నాను.

పొద్దున టికెట్ల కిటికీ దగ్గర ఒక ఫారం ఇచ్చారు. కార్డు గల మనిషికి మీరేమవుతారు అన్నచోట 'అన్న' అని రాశాను. జంపక్క వేలిముద్ర వేసింది. మా ఐదుగురి చేతులకూ ఆకుపచ్చ పట్టీలు కట్టారు.

రెండు ఆటలు సాఫీగా జరిగిపోయాయి. జంపక్క ముందు నడుస్తుంది, కార్డు చూపిస్తుంది, మేం ఎక్కుతాం. ఆమె అటునుంచి బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటుంది. మూడోది ఈ పడవ ఊయల. గేటు దగ్గర నలభై ఏళ్ళ మనిషి ఉన్నాడు. చొక్కా మీద బిళ్ళ: సోడె జోగారావు, సూపర్‌వైజర్.

"ఆగక్కా," అన్నాడు. "ఇందాకటి రెండింటి కాడ గూడ నిన్ను చూసిన. గేటు దాటుతవు, బెంచీ మీద కూసుంటవు. ఎక్కవేంది?"

"ఆమెకు కండ్లు తిరుగుతయి," అన్నాను.

"నిన్నడగలే. ఆమెకు నువ్వేమైతవు?"

"అన్నను."

అతను జంపక్కతో కోయలో ఏదో అన్నాడు. ఆమె తల దించుకుంది. పన్నెండేళ్ళ వ్యాపారంలో నాకు కోయలో అంకెలు, సరుకుల పేర్లు తప్ప ఇంకేమీ పట్టుబడలేదు.

"అన్నవైతే చెప్పు," అని నా వైపు తిరిగాడు. "మీది ఏ గట్టు?"

గట్టంటే వాళ్ళ గోత్రం లాంటిదని తెలుసు. జంపక్క మొగుడు బొజ్జయ్య ఒకసారి నా కొట్లో "మేం నాలుగో గట్టోళ్ళం" అనడం గుర్తుంది. ఒకే ఇంటివాళ్ళది ఒకే గట్టని నా లెక్క. తూకం చెప్పినంత ధీమాగా చెప్పాను. "నాలుగో గట్టు."

జోగారావు నవ్వలేదు. "అక్కా, నీ పెనిమిటిది?"

జంపక్క కర్రను రెండు చేతులా పట్టుకుంది. పక్క వరుసలో మాటలు ఆగిపోయాయి. అతను మళ్ళీ అడిగాడు.

"నాలుగే," అంది.

వరుసలో ఒక ముసలాయన ఛీ అని ఉమ్మేశాడు. "అన్నదమ్ముల గట్టులనే మనువాడిందా?" అని ఎవరో నవ్వారు. అప్పుడు తెలిసింది నాకు. గట్టు ఒకటైతే వాళ్ళు తోడబుట్టిన వాళ్ళ కింద లెక్క, పెళ్ళి జరగదు. జంపక్క సొంత అన్నదమ్ముల వరసలో మనువాడిందని రెండు వందల మంది ముందు నేను చెప్పాను. పొద్దుటి నుంచి కార్డు పైకెత్తి నడిచిన మనిషి కొంగు మొహం మీదికి లాక్కుంది.

జోగారావు ఆమె చేతిలోని కార్డు తీసుకున్నాడు.

"ఇది ఆఫీసుకు పోతది. అబద్ధానికి వాడిండ్రని రాసి మండలానికి పంపుతరు."

"మంగళారం తనిఖీ ఉంది తమ్మీ," అన్నాను.

"ఉంటే? పొద్దుటి సంది నిజంగ నిలబడలేనోళ్ళు నలుగురొచ్చిండ్రు. మీ ఐదుగురి ఎనక ఆగిండ్రు. ఒకామె ఎండకు ఓర్వలేక తిరిగి పోయింది." రిజిస్టర్ తెరిచి నా ముందు పెట్టాడు. "ఎవరు ఎవర్ని తోలుకొచ్చిండ్రో రాసియ్యి. ఆమె మిమ్మల్ని తెచ్చిందా, మీరు ఆమెను తెచ్చిండ్రా? ఫారం మీద వేలిముద్ర ఆమెదే. మీరేం రాయకపోతే తప్పు ఆమెదే అయితది."

నాగలత గారు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నారు. "సాంబమూర్తి గారూ, ఆమే రమ్మన్నదని రాసేయండి. పిల్లలు చూస్తున్నారు. మనకెందుకండీ ఈ గొడవ?"

పెన్ను తీసుకున్నాను. ఆమె చెప్పినట్టు రాస్తే నా సరుకు పోయే చోటు నాకుంటుంది. జంపక్క కార్డు పోతుంది. మళ్ళీ డాక్టర్ల క్యాంపు, మళ్ళీ దరఖాస్తు, ఆరు నెలలో ఏడాదో. ఉన్నది ఉన్నట్టు రాస్తే, నాకు వ్యతిరేకంగా నా చేతిరాత ఒకడి దగ్గర ఉంటుంది. అట్లాంటి కాగితం ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదు.

జంపక్క కొంగు తీసి నా వైపు చూసింది.

"ఏం జూస్తవు సేటూ, రాయి. పన్నెండేండ్ల సంది నీ కాంటా కాడ వరుసల నిలబడ్డ. కాలు నొస్తదేమో, ముందుకు రా అని ఒక్కనాడన్నవా? ఇయ్యాల యాదికొచ్చిందా నా కాలు?"

నిజమే, ఒక్కనాడు కూడా అనలేదు. అనాలని తోచనే లేదు.

రాశాను. 'జంపక్క నాకు ఏమీ కాదు. పక్క గేటు కోసం ఆమెను నేనే తీసుకొచ్చాను. ఫారం మీద అన్న అని రాసింది నేను. ఆమెకు చదువు రాదు, వేలిముద్ర వేయించింది నేను. ఆమె గట్టు సంగతి నాకు తెలియదు, నోటికొచ్చింది చెప్పాను.' కింద పూర్తి పేరు, కొట్టు పేరు, ఫోన్ నంబరు, సంతకం.

జోగారావు రెండుసార్లు చదివాడు. ఆఖరి వాక్యం వరుసకు వినబడేట్టు కోయలో గట్టిగా చెప్పాడు. అప్పుడు కార్డు జంపక్క చేతిలో పెట్టాడు. మా ఐదుగురి పట్టీలు కత్తెరతో కోసి, "బయటికి నడువుండ్రి" అన్నాడు.

"మమ్మీ, పడవ?" అంది లిఖిత. నాగలత గారు కూతురి చెయ్యి పట్టుకున్నారు. "సరుకు సంగతి ఫోన్లో మాట్లాడదాం" అన్నారు నాతో. ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. నేను చాలామందితో అన్న మాటే అది.

"నువ్వెక్కక్కా," అన్నాడు జోగారావు.

"నాకొద్దు. బస్సు దాటిపోతది."

కార్డు జాకెట్లో దోపుకుని కర్ర పట్టుకుంది. నేను వెంట నడిచాను. "కారులో దింపుతాను జంపక్కా."

ఆగింది. "నా ఎనక రాకు. చూసేటోళ్ళు మళ్ళ నిన్ను మా అన్నంటరు. ముందు నడువు."

ముందు నడిచాను. రోడ్డు మీద బస్సు కదలబోతోంది. చెయ్యెత్తి, పరుగెత్తి తలుపు కొట్టాను. కండక్టర్ తల బయటపెట్టాడు.

"ఒకామె వస్తోంది. కాలు బాగలేదు, కొంచెం ఆపు."

"మీకేమైతది?"

"ఏం కాదు," అన్నాను. "ఆపు."