పిటిషనరు ఒక్కరికే

టైలరమ్మ మిషనుకు రెండు చుక్కలు నూనె వేసి, కుట్టాల్సిన బట్టేమీ లేకపోయినా కాసేపు ఉత్తినే తొక్కింది. తొక్కకుండా వదిలేస్తే మిషను మొండికేస్తుంది. తర్వాత చీపురు పట్టుకుని గుమ్మం ముందు ఊడ్చింది. ఎక్కడ ఆపాలో తెలియలేదు. అరవై రెండు ఇళ్ళ వీధిలో ఇప్పుడు ఆమె ఇల్లొక్కటే ఉంది. మిగతాదంతా చదును చేసిన మట్టి.

రోడ్డు కోసం వీధి మొత్తం తీసుకుంటామని ప్రభుత్వం అన్నప్పుడు అందరూ సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. ఆమె ఒక్కతే హైకోర్టుకెక్కింది. "నేను గెలిస్తే అందరం మళ్ళీ ఇక్కడే ఉండొచ్చు" అని సామాన్లు సర్దుకుంటున్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పింది. నాలుగేళ్ళు ఆ మాట మీదే బతికింది. భర్త పోయాక ఇంట్లో ఒక్కతే ఉండటం అలవాటైపోయింది గానీ, గోడ అవతల ఎవరి దగ్గూ వినపడకపోవడం మాత్రం అలవాటు కాలేదు.

పదకొండింటికి లాయరుగారి గుమాస్తా స్కూటరు దిగాడు.

"కాస్త నవ్వు పిన్నీ, గెలిచాం. నోటీసులు సరిగా ఇవ్వకుండా ఇల్లెలా తీసుకుంటారని జడ్జిగారు ఆఫీసర్లకి బాగా తలంటారు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "అయితే వాళ్ళకి కబురు పెట్టనా?"

"ఎవరికి?"

"ఎవరికేమిటి, వీధిలో వాళ్ళకి."

గుమాస్తా తీర్పు కాగితాలు తిప్పి, చివరి పేజీ మీద వేలు పెట్టాడు. "ఇది పిటిషనరు ఒక్కరికే పిన్నీ. వాళ్ళు ఒప్పుకుని సంతకాలు పెట్టేశారుగా. వాళ్ళ స్థలాలు ఇక సర్కారువే."

"నాలుగేళ్ళలో ఒక్కసారీ ఈ ముక్క చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా. నీ ఇల్లు నీకు దక్కింది. ఇంకేం కావాలి?"

అతను వెళ్ళాక చీపురు మూల పెట్టింది. తర్వాత, ఒకప్పుడు పక్కింట్లో ఉన్న కొట్టు వదినకు ఫోన్ చేసింది.

"వదినా, గెలిచాను. నాకొక్కదానికేనట. మీకు రాదట."

"పోనీలే, ఇప్పుడు వచ్చినా ఎవరొస్తారు? పిల్లల బడి ఇక్కడే. మీ అన్నయ్య కొట్టూ ఇక్కడే పెట్టుకున్నారు. మన వీధి, మన వీధి అని నువ్వే ఇంకా పట్టుకు వేలాడుతున్నావు."

టైలరమ్మ కిటికీలోంచి మట్టిని చూసింది. గొంతు సవరించుకుంది.

"మీ అపార్టుమెంటు మెట్ల కింద మిషను పట్టేంత చోటుంటుందా?"



"సైకిళ్ళు జరిపిస్తాలే, రా. మూడో అంతస్తు వాళ్ళ అమ్మాయి స్కూలు డ్రస్సు బొత్తిగా వదులు."

నాలుగింటికి ట్రాలీ ఆటో వచ్చింది. మిషనూ, బట్టల మూటా ఎక్కించారు. తీర్పు కాగితాలు పాడవకుండా బట్టల మధ్య పెట్టుకుంది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి దానికే వదిలేసింది. 

ఆటో పోయాక, తాళంచెవికి కట్టిన ఎర్ర గుడ్డపీలిక గాలికి తలుపును మెల్లగా తడుతూ ఉంది.