ఐదు నుంచి వెనక్కి

ప్రతి ఆదివారం నాలుగు గంటలకు అమ్మ ఫోన్ చేస్తుంది. మా ఇంట్లో సిగ్నల్ నిలిచేది పెరటి రాతిమెట్టు దగ్గర మాత్రమే. మూడున్నరకే అవ్వ టోపీ సర్దుకుని, ఫోన్ ఒడిలో పెట్టుకుని ఆ మెట్టు మీద కూర్చుంటుంది. అమ్మ అరెకీపా నగరంలో ఒకరి ఇంట్లో వాళ్ళ పిల్లవాణ్ణి చూసుకునే పని చేస్తోంది. వెళ్ళి ఏడాదిన్నర అయింది. వెళ్ళేటప్పటికి మా చెల్లి మైరాకు రెండున్నరేళ్ళు.

ఆ ఆదివారం మైరా ఫోన్ దగ్గరకు రాలేదు. అదే మెట్టుకు రెండో చివర టాబ్లెట్ పట్టుకుని కూర్చుంది.

"మైరా, అమ్మే" అన్నాను.

"ఉండు" అంది, తలెత్తకుండా. ఫోన్ తీసుకెళ్ళి చెవి దగ్గర పెడితే ఈగను తోలినట్టు నెట్టేసింది.

"పోనీలే నేలీ, ఆడుకోనీ. చదువు ఆటలే కదా" అంది అమ్మ. అంతలో అవతల ఒక పిల్లవాడు "మెచే, మెచే" అని పిలవడం వినిపించింది. మెచే అంటే మా అమ్మే, అసలు పేరు మెర్సెదెస్. "వస్తున్నా నాన్నా" అంది అమ్మ, వాడితో.

ఆ రోజు నా నోటుబుక్కులో ఒక్క వాక్యమే రాసుకున్నాను. మైరా అమ్మ గొంతు మరిచిపోతోంది.

టాబ్లెట్ ఆగస్టులో వచ్చింది, మైరాకు మొదటిసారి జుట్టు తీసిన రోజున. మా వైపు బిడ్డ తల మీద తొలి కత్తెర వేసినవాడు జీవితాంతం ఆ బిడ్డకు పద్రినో, రెండో తండ్రి లెక్క. కత్తెర వేసి కానుక ఇవ్వాలి. నాకు వేసినావిడ గొర్రెపిల్లనిచ్చింది. మైరాకు వేసింది బంగాళాదుంపల లారీ నడిపే సాతుర్నీనో. "గొర్రెల్ని ఎవడైనా ఇస్తాడు. ఈ పిల్ల డాక్టరవ్వాలి" అని సంతలో కొన్న టాబ్లెట్ బల్ల మీద పెట్టాడు. అందులో సిమ్ ఉంది, దుకాణంవాడు ఎక్కించిన చదువు ఆటలు ఉన్నాయి. ఆ రోజు తీసిన జుట్టును అమ్మ కోసం గుడ్డలో చుట్టి దాచాం.

ఆ ఆటల్లో నిమిషానికోసారి ఏదో ఒక ప్రకటన వస్తుంది. మూలన ఐదు, నాలుగు, మూడు అని అంకెలు తగ్గుతాయి. ఒకటి అయ్యాక మూయడానికి చిన్న గుర్తు వస్తుంది. మైరా వేలు ఆ గుర్తు మీదకు నాకంటే వేగంగా వెళుతుంది. "మా మనవరాలికి లెక్కలొచ్చాయి" అని అవ్వ నీళ్ళ దగ్గర అందరికీ చెప్పుకుంది. నిజమే, వచ్చాయి. ఐదు నుంచి వెనక్కి మాత్రమే. రెండు బంగాళాదుంపలు ముందు పెట్టి ఎన్నో చెప్పమంటే, "ఐదు, నాలుగు, మూడు" అని మొదలుపెట్టి, అయ్యాక మూలన దేనికోసమో వెతికింది.

సోమవారం బడి వదిలాక, ఒకటో తరగతి చెప్పే హిల్దా టీచర్ గుమ్మం దగ్గర నిలబడ్డాను. పిల్లలందరూ వెళ్ళేదాకా లోపలికి వెళ్ళలేకపోయాను.

"ఆ తలుపు నువ్వు పట్టుకోకపోయినా పడిపోదులే, లోపలికి రా" అంది టీచర్.

నేను చెప్పింది విని, నా సంచిలోని టాబ్లెట్ తీసుకుంది. "ఇంటర్నెట్ ఆపేసి ఒక్కొక్కటీ తెరువు. తెరుచుకోనిదాన్ని పక్కన పెట్టు. అక్షరాలు నేర్పేదానికి మీకు తెలిసినవాళ్ళ పేర్లూ నంబర్లూ ఎందుకు, మీ ఇల్లెక్కడో ఎందుకు? అడిగితే వద్దను. మిగిలినవి ముందు నువ్వాడు. తర్వాత దాని పక్కన కూర్చుని ఆడించు. మూసేశాక అది ఏం మాట్లాడుతుందో విను."

"మూసేస్తే ఏడుస్తుంది టీచర్."

"అదీ జవాబే కదమ్మా."

తన ఫోన్లో ఒకటి చూపించింది. అందులో అన్నీ ఖాళీ పేజీలు. ఫొటో మనమే పెట్టాలి, దానికి గొంతూ మనమే ఇవ్వాలి. తాకితే ఆ గొంతు పలుకుతుంది. అంతే. పొగడదు, నాణేలివ్వదు. ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది, కాబట్టి మన గొంతు ఎక్కడికీ పోదు.

"ఎవరి గొంతైనా పెట్టొచ్చా?" అని అడిగాను. నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు.

"ఎవరిదైనా."

ఇంటికొచ్చి చూస్తే నలభై రెండు ఆటల్లో ముప్పై తొమ్మిది ఇంటర్నెట్ లేకుండా తెరుచుకోలేదు. రెండు మాకు తెలిసినవాళ్ళ పేర్లు, నంబర్లు అడిగాయి. చివరిదానిలో ఒక పంది ఆపిళ్ళు లెక్కపెట్టింది, దాన్ని ఉంచొచ్చు అనుకున్నాను. కానీ టీచర్ చూపించినది ఎక్కించడానికి చోటు లేదు. మిగతావి తీసేయబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"పద్రినో ఇచ్చినవి ఆయన్ని అడక్కుండా తీసేస్తావా? గొర్రెనిచ్చుంటే చెప్పకుండా కోసేసేదానివా?"

"ఇవి గొర్రెలు కావవ్వా."

"ఇచ్చింది ఆయనేగా. నువ్వే వెళ్ళి అడుగు. నోరు ఇంట్లో పెట్టి వెళ్ళకు."

వేయించిన మొక్కజొన్న, జున్నుముక్క మూటగట్టి ఇచ్చింది. చెప్పాల్సింది నేను కాగితం మీద రాసుకున్నాను. మైరాను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి సాతుర్నీనో లారీ చక్రం విప్పుతున్నాడు. కాగితం చేతికిచ్చాను. చేతులు తుడుచుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. ముఖం మారింది.

"తీసేస్తావా? వాడు నలభై అన్నాడు. నేను గీచి గీచి బేరమాడి ఇంకో రెండు వేయించాను. ఇంత చదువుకున్నదానివి, చదువు వద్దంటావేమిటే?"

ఇంకో కాగితం రాసుకురానందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. టాబ్లెట్ తెరిచి, ఇంటర్నెట్ మళ్ళీ వేసి ఆయన ముందు పెట్టాను.

ఆయన ఒక ఆట మొదలుపెట్టాడు. ప్రకటన వచ్చింది. బొటనవేలితో మూయబోతే ఇంకోటి తెరుచుకుంది. దాన్ని మూయబోతే ఎవరో అమ్మాయి డాన్సు చేసింది. "దీన్నెవరు పిలిచారు?" అన్నాడు. మైరా వచ్చి, ఆయన మోకాలి మీద చెయ్యేసి, "ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి" అని ఓపిగ్గా చెప్పి గుర్తు నొక్కింది.

"తర్వాతేమిటి, తల్లీ? ఆరు చెప్పు."

మైరా ఆయన వైపు అర్థం కానట్టు చూసింది.

"ఆదివారం అమ్మతో మాట్లాడలేదు" అన్నాను. నోటితో అనగలిగింది అదొక్కటే.

సాతుర్నీనో చక్రం మీద కూర్చున్నాడు. మొక్కజొన్న గుప్పెడు తీసుకుని నమిలాడు.

"రోగం గొర్రెనిచ్చినవాడు తనే వచ్చి తీసుకెళ్ళాలి. అది పద్ధతి. పక్కింటివాళ్ళకు చెప్పకు, నవ్వుతారు" అన్నాడు. నలభై ఒక్కటీ తన చేత్తోనే తీసేశాడు. "పందిని ఉంచమంటావా? సరే, పంది మంచిది."

మర్నాడు హిల్దా టీచర్ ఆ ఖాళీ పేజీలది ఎక్కించి ఇచ్చింది. నేను మా ఇంటివే ఫొటోలు తీసి అమ్మకు పంపాను. తలుపు, పొయ్యి, అవ్వ టోపీ, కుక్క, మొక్కజొన్న కంకి, గుడ్డలో మైరా జుట్టు. ఒక్కోదానికి ఒక్కో మాట చెప్పి పంపమని రాశాను. గురువారానికి అన్నీ వచ్చాయి. అవ్వ ఫోన్‌ను టాబ్లెట్‌కు ఆనించి పట్టుకుంటే నేను ఒక్కొక్కటీ ఎక్కించాను. మధ్యలో కోడి అరిచింది, అదీ ఎక్కింది.

అమ్మ ఒక్క మాటతో ఆగలేదు. "తలుపు" అని, "ఇంకా కిర్రుమంటోందా?" అంది. "కుక్క" అని, "అయ్యో, ఇంత పెద్దదైపోయిందా?" అంది. జుట్టు ఫొటోకు మాట లేదు. ఊపిరి వినిపించింది, దూరంగా "మెచే" అన్న పిలుపు వినిపించింది. దాన్ని తీసేద్దామా అని చాలాసేపు ఆలోచించి, ఉంచేశాను.

మైరా మొదట పంది కోసం వెతికింది. నేను పక్కనే కూర్చున్నాను. కుక్కను తాకింది. విన్నది. లేచి పెరట్లోకి వెళ్ళి నిజం కుక్కను చూసొచ్చింది. మళ్ళీ తాకి, "అవును, పెద్దదైంది" అని టాబ్లెట్‌కు చెప్పింది. అలా ఎన్నిసార్లు చెప్పిందో నేను లెక్కపెట్టలేదు. మూసేస్తే ఏడవలేదు. "తలుపు కిర్రుమంటోందని అమ్మకు చెప్పాలి" అంది.

ఆదివారం మూడున్నరకు అవ్వ కంటే ముందు అది మెట్టు మీద ఉంది. ఫోన్ వైపు చూస్తూ, "ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి" అంది. ఫోన్ మోగలేదు. మళ్ళీ ఐదు నుంచి మొదలుపెట్టింది. నాలుగయ్యేదాకా అదే పని.

మోగగానే రెండు చేతులా పట్టుకుంది.

"తలుపు కిర్రుమంటోంది. కుక్క పెద్దదైంది. ఎన్ని లెక్కపెడితే వస్తావు?"

ఫిబ్రవరిలో వచ్చే కార్నవాల్ పండుగదాకా ఆ ఇంటివాళ్ళు వదలరని నాకూ అవ్వకూ తెలుసు.

"నీకు ఎంతదాకా వచ్చు, బంగారం?"

"ఐదు."

"ఐదు చాలదమ్మా. ఇంకా కావాలి. ఇరవై మూడు ఆదివారాలు. అక్కనడిగి నేర్చుకుంటావా?"

మైరా ఫోన్ నాకిచ్చేసి పొయ్యింట్లోకి వెళ్ళి గుప్పెడు మొక్కజొన్న గింజలు తెచ్చింది. మెట్టు మీద ఐదు పేర్చాను. ఆరోది దాని చేతిలో పెట్టి, "ఆరు" అన్నాను. అది గింజను కిందపెట్టకుండా గుప్పిట్లోనే బిగించి పట్టుకుంది.