తిమింగలానికి ఊడ్చిన ఇల్లు

ఏప్రిల్ మొదటి ఆదివారం లోపు డార్కస్ చేసి తీరవలసిన పనులు ఇవి. ఉత్తరపు మంచు సముద్రంలో తిమింగలం వేటకు వెళ్లే తోలుపడవకు కుట్టిన సీల్ తోళ్ల అతుకులన్నీ మరోసారి వేలితో తడిమి చూడాలి. జట్టులో అందరి తెల్ల పైఅంగీలూ ఉతికి ఆరెయ్యాలి. రొట్టెలు కాల్చాలి, కారిబూ జింక మాంసం ముక్కలు కోసి సంచుల్లో కట్టాలి. ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే ఆ ఇంటికి వెళ్లి సర్దుకోవాలి. నేలలో తవ్విన మంచుకొట్టులో మిగిలిన పాత మాంసం పైకి తీసి ముసలివాళ్ల ఇళ్లకు పంచాలి. కొట్టు అడుగున గడ్డకట్టిన నెత్తురూ మురికీ గీకి పారెయ్యాలి. ఆ పైన కొత్త మంచు తెచ్చి పరవాలి.

మొదటివి ఎవరైనా చేసి పెట్టగలరు. కొట్టు సంగతి మాత్రం పడవ నడిపే కెప్టెన్ భార్యే చూసుకోవాలి. తిమింగలం కెప్టెన్‌ను చూసి రాదు, అతని భార్యను చూసి వస్తుంది. తన ఒంటిని ఏ ఇంట్లో పడుకోబెడతారో, ఆ ఇల్లు శుభ్రంగా ఉందో లేదో నీళ్లలో ఉండగానే చూసుకుంటుంది. నచ్చితేనే తనను తాను ఇచ్చుకుంటుంది. డార్కస్ అమ్మమ్మ ఇలాగే చెప్పింది, అమ్మ ఇలాగే చేసింది. కొట్టు తయారైందని డార్కస్ నోటితో చెప్పేదాకా ఆమె భర్త ల్యూథర్ పడవ ఇంటి ముందు నుంచి కదలదు.

వాళ్ల ఇంటికి తిమింగలం వచ్చి మూడేళ్లయింది. నిరుడు జట్టులోంచి ఇద్దరు కుర్రాళ్లు వేరే పడవకు వెళ్లిపోయారు. ఈ వసంతం కూడా ఉత్త చేతులతో గడిస్తే మిగిలినవాళ్లూ వెళ్తారు. ల్యూథర్ ఆ మాట పైకి అనలేదు. రాత్రిళ్లు మంచం మీద అటూ ఇటూ దొర్లడం మాత్రం డార్కస్‌కు తెలుస్తూనే ఉంది.

ఆ కొట్టును ల్యూథర్ తాత తవ్వాడు. ఎప్పటికీ కరగదనుకున్న నేలలో నిచ్చెన వేసుకుని దిగేంత లోతున, గది అంత వెడల్పున. డార్కస్ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గోడలు గాజులా మెరిసేవి, వేలు తగిలితే అంటుకుపోయేది. ఇప్పుడు వేసవి వస్తే గోడలకు చెమట పడుతోంది. కిందటి ఆగస్టులో అడుగున చీలమండ లోతు నీళ్లు చేరాయి. చలికాలంలో అవి మాంసం నెత్తురుతో కలిసి నల్లగా గడ్డకట్టాయి.

విశ్వవిద్యాలయం నుంచి హానా అనే అమ్మాయి నాలుగేళ్లుగా వచ్చి వెళ్తోంది. కొట్టు గోడలో సన్నటి తీగ ఒకటి దించింది. నేల లోపల ఎంత చల్లగా ఉందో ఆ తీగ చెబుతుంది. వచ్చినప్పుడల్లా డార్కస్ వంటింట్లోనే భోజనం. మార్చిలో వచ్చినప్పుడు కొట్టులోకి దిగి టార్చి వేసి చూసింది. పైకి వచ్చాక కాఫీ ముట్టుకోలేదు.

"అత్తా, కొట్టు పైకప్పులో పగులు పెరిగింది. పైనుంచి ఏం చేసుకున్నా చేసుకోండి. లోపలికి మాత్రం ఎవర్నీ దించకండి."

"కూలుతుందంటావా?"

"కూలదని చెప్పలేను."

"కూలుతుందనీ చెప్పలేవు."

హానా కాఫీ కప్పు చేతిలో తిప్పుతూ కూర్చుంది. "చెప్పలేను అత్తా. కానీ మా అమ్మనైతే దిగనివ్వను."

డార్కస్ ఆ మాట పక్కన పెట్టలేదు. పైనుంచే చేసి చూసింది. పొడవాటి కర్రకు పార కట్టి రెండు రోజులు గీకింది. మధ్యలో కాస్త వచ్చింది కానీ గోడల వారన ఒక్క పెళ్ల కదల్లేదు. ఊళ్లోవాళ్లు తెప్పించిన ఇనుప ఫ్రీజరు గది బడి వెనకాల ఉంది. అందులో పెడితే మాంసం ఎండిన చెప్పులా తయారవుతుంది. అదీ కాక అతిథిని పిలిచి ఇనుప పెట్టెలో పడుకోమంటే ఎవరు వస్తారు?

మూడోరోజు పొద్దున ఆమోస్ వచ్చాడు. డార్కస్ మేనమామ కొడుకు, ఆమె కంటే ఆరేళ్లు చిన్న. పడవలో వెనక కూర్చుని చుక్కాని తెడ్డు పట్టేది అతనే. ఆ ఊళ్లో మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ ఎదురుపడితే ఒకర్నొకరు ఏడిపించుకోవాలి. ఊరికే పలకరిస్తే కోపం వచ్చిందేమో అనుకుంటారు.

"ఏం వదినా, కర్రతో గీకుతున్నావు? తిమింగలానికి తలదువ్వుతున్నావా?"

"నీకు దువ్వడానికి తల మీద ఏం మిగల్లేదని దానికి దువ్వుతున్నా. వచ్చావుగా, కర్ర పట్టు."

ఆమోస్ కర్ర పట్టుకోలేదు. చేతొడుగులు బిగించుకుని నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"హానా వద్దంది."

"హానా నాకు పెళ్లి సంబంధం కూడా చూస్తానంది. ఏదీ, చూసిందా? ఆ పిల్ల మాట అంతే." రెండు మెట్లు దిగి ఆగాడు. "వదినా, నీకు దిగొద్దని ఉంటే చెప్పు, దిగను. అన్నకు నువ్వే చెప్పుకో, ఈ ఏడు కొట్టు మురిగ్గా ఉంది, ఇంట్లో కూర్చో అని."

డార్కస్ తాడు కట్టిన బకెట్టు అతని వెనకే దించింది.

పని బాగానే సాగింది. కింద గునపం చప్పుడు, బకెట్టు నిండగానే తాడు లాగమని కేక. ఆమె లాగి పారబోసి మళ్లీ దించుతోంది. మధ్యాహ్నానికి కొట్టు పక్కన నల్లటి కుప్ప నడుం ఎత్తు లేచింది.

"వదినా, మీ వంటిల్లు కంటే ఇదే శుభ్రంగా ఉంది. అన్నకు ఇక్కడే అన్నం పెట్టు."

"మాటలు కాదు, మొహం కిందికి పెట్టి గీకు. నీ మొహం చూసే కదా పెళ్లికూతుళ్లు పరిగెత్తింది. తిమింగలాన్ని కూడా తరిమేస్తావు."

"కిందికే పెట్టాను. నెత్తురులో నా మొహం కనిపిస్తోంది. అందంగానే ఉంది, వాళ్లకే కళ్లు లేవు."

డార్కస్ నవ్వుకుంటూ బోర్లా పడుకుని తలుపు కన్నంలోంచి టార్చి వేసింది. అడుగు తెల్లగా, చెక్కిన పలకలా ఉంది. ఎన్నో ఏళ్లుగా అంత శుభ్రంగా చూడలేదు. ఉత్తరం మూలన మాత్రం చాటంత మేర నల్లగా మిగిలిపోయింది.

"ఇంక రానా? వేళ్లు నావో కాదో తెలియడం లేదు."

"ఆ మూల ఇంకా ఉందిరా."

"మూలలు కూడా చూస్తుందా అది?"

"మూలలే చూస్తుంది."

ఆమోస్ కింది నుంచి నిట్టూర్చిన చప్పుడు, నవ్వు, తర్వాత గునపం చప్పుడు. పది పోట్లు పడ్డాయో లేదో పైకప్పు దిగింది. పెద్ద శబ్దం కూడా రాలేదు. బరువైన మూట దించినట్టు ఒక దెబ్బ, తర్వాత కన్నంలోంచి మట్టి వాసన వేసే చల్లటి గాలి. డార్కస్ చేతిలోని తాడు ఒక్కసారి బిగుసుకుని వదులైంది.

ఆమె పిలిచింది. పేరు పెట్టి పిలిచింది, తిట్టి పిలిచింది. ఇంట్లోకి పరిగెత్తి రేడియో అందుకుని ఊరందరికీ వినబడేలా చెప్పింది. సముద్రపు మంచు మీద దారి కొడుతున్న ల్యూథర్, మిగతా మగవాళ్లు మంచుబండ్ల మీద వచ్చారు. మిగిలిన పైకప్పు ఎప్పుడు పడుతుందో తెలియకపోయినా ఒకరి తర్వాత ఒకరు దిగి తవ్వారు. ఆమోస్‌ను పైకి తీసేసరికి పొద్దు మంచు మీదికి వాలింది. మొహం మీద దెబ్బ లేదు. మోకాళ్ల మీద ఉన్నట్టే ఉన్నాడు, చేతులు గునపాన్ని వదల్లేదు.

ఆమోస్‌ను పాతిపెట్టడానికి గొయ్యి తవ్వినవాళ్లు చెప్పిన మాట ఊళ్లో చాలామందికి ఇంకా గుర్తుంది. పైన నడుం లోతు వరకు నేల ఎప్పటిలాగే గునపానికి లొంగలేదట. ఆ కింద మెత్తగా వచ్చేసిందట. పెట్టె దించే వేళకు అడుగున తడి చేరింది. పలకలు వేసి దాని మీద దించారు. ఆమోస్ తల్లి బెస్సీ ఆ పలకలకేసి చూస్తూ నిలబడింది తప్ప ఏడవలేదు.

హానా విమానం దొరికిన మొదటి రోజునే వచ్చింది. నేను చెప్పాను కదా అని అనలేదు. వంటింట్లో కూర్చుని డార్కస్ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తీగ తీసేయమంటారా అని అడిగింది. అది ఆ మట్టి కింద నుంచి ఇంకా అంకెలు పంపుతూనే ఉందట.

"ఉండనీ. తీయాలంటే మళ్లీ ఎవరో దిగాలి," అంది డార్కస్.

ఆ సాయంత్రం ల్యూథర్ పడవ దగ్గరకు వెళ్లి చాలాసేపు నిలబడి వచ్చాడు.

"ఈ ఏటికి పడవ బోర్లించేద్దాం."

డార్కస్ పొయ్యి ముందు నుంచి తిరగలేదు.

"నువ్వేమంటావు? కొట్టు నీది, మాట నీది."

"కొట్టేదీ? మట్టి ఉంది. నాతో ఏం చెప్పిస్తావు? మూలలు చూస్తుందని నేనే అన్నాను వాడితో. చివరి మాట అదే."

ల్యూథర్ బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. అప్పుడే బెస్సీ లోపలికి వచ్చింది. ఆ ఊళ్లో తలుపు కొట్టే అలవాటు లేదు. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాఫీ ఉందా, లేక చావుతో పాటు అదీ అయిపోయిందా?"

డార్కస్ కాఫీ పోసి ఇచ్చింది. సగం సాసరులో పడింది.

"పడవ బోర్లిస్తారని విన్నాను."

"అత్తా, ఏ మొహంతో..."

"నీ మొహం సంగతి ఎవడికి కావాలి? నా కొడుకు మొహం సంగతి చెప్పు. నలభై ఏళ్లు వాడు నా ఇల్లు ఒక్కసారి ఊడ్చిన పాపాన పోలేదు. మీ కొట్టు ఊడ్చాడు. మూల వదలకుండా ఊడుస్తూ పోయాడు. అంతా చేశాక పిలవకపోతే వాడు ఎవరి కోసం చేసినట్టు?" బెస్సీ సాసరులో పడిన కాఫీ తిరిగి కప్పులో పోసుకుని తాగింది. "నువ్వు ఏడవదలుచుకుంటే ఏడు, నేనూ వచ్చి నీ పక్కన ఏడుస్తాను. మంచు మాత్రం మనం ఏడుపు ఆపేదాకా ఆగదు. ఈశాన్య గాలి మొదలైంది, మంచులో నీళ్లదారి తెరుచుకుంటుంది. పంపు వాళ్లను."

ల్యూథర్ భార్య వైపు చూశాడు. డార్కస్ తల ఊపింది. తయారైందని మాత్రం నోరు తెరిచి అనలేకపోయింది.

చుక్కాని తెడ్డు బెస్సీ తమ్ముడి కొడుకు పట్టాడు. మంచు అంచున గుడారం వేసి పది రోజులకు పైగా కాచారు. అన్ని రోజులూ డార్కస్ ఇంట్లో మెల్లగా నడిచింది, ఎవరితోనూ గొంతు పెంచలేదు, పాతకాలం ఆడవాళ్లు ఎలా ఉండేవారో అలాగే ఉంది. మంచు రెండుసార్లు వాళ్ల వెనకాల పగిలి, గుడారం ఎత్తుకుని వెనక్కి రావలసి వచ్చింది. పూర్వం అంత తొందరగా పగిలేది కాదు.

ఒక పొద్దున రేడియోలో ల్యూథర్ గొంతు వినిపించింది. ముందు ప్రార్థన చదివాడు, తర్వాతే సంగతి చెప్పాడు. చిన్న తిమింగలం దొరికింది, బాగా బలిసింది. పడవ పక్కనే లేచి ఆగిందట, ఎవరినో వెతుక్కుంటున్నట్టు. ఊరంతా కేకలు వేసుకుంటూ మంచు మీదికి పరిగెత్తారు. తాళ్లు పట్టి లాగడానికి బడి కూడా మూసేశారు.

డార్కస్ అమ్మమ్మ వాడిన చెక్క గిన్నెలో మంచినీళ్లు పోసుకుని వెళ్లింది. సముద్రంలో ఉప్పునీళ్లు తాగీ తాగీ వచ్చినదానికి ముందు మంచినీళ్లు ఇవ్వాలి. ఈ రోజుల్లో అలా చేసేవాళ్లు తక్కువ. తిమింగలం మూతి దగ్గర వంగి నీళ్లు పోసింది. పోస్తూ ఏదో చెప్పింది. పక్కన ఉన్నవాళ్లకు వినబడలేదు.

మాంసం కొంత అక్కడికక్కడే పంచారు. మిగిలింది బడి వెనకాల ఇనుప గదికి మోశారు. అందులో సగం ఇతర జట్లవాళ్ల సామాను ఉంది, చాలినంత చోటు లేదు. బయట టార్పాలిన్ కింద ఉంచిన దాంట్లో కొంత మే నెల ఎండకు పాడైంది. డార్కస్ దాన్ని సముద్రానికి తిరిగి ఇచ్చి వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

ఆమోస్ వాటా మాత్రం మొదటి రోజే, కొవ్వుతో పాటు కోసిన నల్లటి తిమింగలం తోలు, మక్తక్ ముక్కలు పైన పెట్టి, ఆమే స్వయంగా బెస్సీ ఇంటికి తీసుకెళ్లింది. బెస్సీ మూత తీసి చూసింది.

"ఎక్కడ పడుకోబెట్టారు?"

"ఇనుప గదిలోనే అత్తా. ఇంకెక్కడుంది?"

"చెప్పావా దానికి?"

"చెప్పాను."

"ఏమని?"

"నీకోసం ఇల్లు ఊడ్చి ఉంచాం, అది కూలిపోయింది, మన్నించమని. ఊడ్చింది ఆమోస్ అని, మూలలు కూడా వదల్లేదని."

బెస్సీ మక్తక్ ముక్క కోసి సగం డార్కస్ చేతిలో పెట్టింది. ఇద్దరూ నిలబడే తిన్నారు.

ఆ వేసవిలో బుల్డోజరు వచ్చి కొట్టు కన్నంలో కంకర నింపి చదును చేసింది. ల్యూథర్ జట్టు ఇంకా ఉంది. మాంసం దాచడానికి చోటెక్కడ దొరుకుతుందో తెలియకుండానే మరుసటి వసంతానికి తోళ్లు కుట్టారు.

తిమింగలానికి చెప్పినట్టే మీకూ చెప్పాలని ఇదంతా. ఆ కొట్టు ఇప్పుడు చూద్దామన్నా కనిపించదు, దాని మీద బండ్లు నడుస్తున్నాయి. దాన్ని ఊడ్చినవాడి పేరు ఆమోస్. బెస్సీ కొడుకు, బట్టతల, పెళ్లి కాలేదు, తెడ్డు పట్టడంలో మంచి చెయ్యి, ఎంత పనిలోనూ నోరు ఊరుకునేది కాదు. వీలైతే అతన్ని గుర్తుపెట్టుకోండి.